బ్లాక్ ఫారెస్ట్‌కి కొండ పులుపు!

పుట్టినరోజు అనగానే పిల్లల నోట మొదట వచ్చే మాట బ్లాక్ ఫారెస్ట్. జర్మనీ నుంచి వచ్చిన ఈ మూడు పొరల కేకుకు ప్రాణం చేదు, పులుపు, కమ్మదనం. మన ఊళ్లకు చేరేసరికి పేరు మిగిలింది, పులుపు పోయింది. చిత్రమేమిటంటే, ఆ పోయిన పులుపు ఉదయగిరి, ఆత్మకూరు వైపు కంపచెట్లకే కాస్తోంది!

ఒకప్పుడు పుట్టినరోజంటే తలంటు, కొత్తబట్టలు, గుడి, ఇంటికొచ్చాక పాయసం. ఇప్పుడు ఇవన్నీ ఉన్నా సాయంత్రం కేకు కొయ్యకపోతే పిల్లలు పుట్టినరోజు అయినట్టే ఒప్పుకోరు. అందులోనూ తెల్లటి క్రీము, పైన చాక్లెట్ పొట్టు, చుట్టూ ఎర్రటి చెర్రీలు... బేకరీ అద్దాల పెట్టె ముందు నిలబడి పసివాడు వేలు పెట్టి చూపించేది దాన్నే. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి యాభైకి పైనే. అంతదూరం నుంచి ఎండలో కేకు తెస్తే ఇంటికొచ్చేసరికి పూలు కరిగి అట్టపెట్టెకు అంటుకుంటాయి. ఆ తిప్పలేవో ఇంట్లోనే పడితే?

పడొచ్చు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఉదయగిరి దుర్గం చిక్కడానికి ఏడాదిన్నర పట్టింది. 1514లో గానీ కోట లొంగలేదు. ఈ కేకుకు అంత ముట్టడి అక్కర్లేదు. ఒక రాత్రి, ఒక ఉదయం చాలు. కాకపోతే ముందు దాని సంగతేమిటో తెలియాలి.

పేరు వెనక...

జర్మనీలో దీన్ని ష్వార్జ్‌వాల్డర్ కిర్ష్‌టోర్టె అంటారు. ష్వార్జ్‌వాల్డ్ అంటే నల్లని అడవి. దేశానికి నైరుతి మూలన దట్టమైన చెట్లతో ఉండే కొండల ప్రాంతమది. కిర్ష్ అంటే చెర్రీ. అడవిలా నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటాం. అసలు కారణం ఆ ప్రాంతంలో పుల్లటి చెర్రీలను పులియబెట్టి, బట్టీపట్టి తీసే కిర్ష్‌వాసర్ అనే సారా అని ఎక్కువమంది చెబుతారు. దాన్ని కేకులో చిలకరిస్తారు. అక్కడి ఆడవాళ్లు పండగలకు పెట్టుకునే ఎర్రటి బంతుల టోపీని చూసి ఈ పేరు పెట్టారన్న కథ కూడా ఉంది.

మొదట ఎవరు చేశారన్నదానిపైనా తగువే. 1915లో బాన్ దగ్గరున్న బాడ్ గోడెస్‌బెర్గ్‌లోని ఒక కెఫేలో తానే చేశానని జోసెఫ్ కెల్లర్ అనే మిఠాయి నిపుణుడు చెప్పుకున్నాడు. కానీ దానికి గట్టి ఆధారం దొరకలేదు. రాతలో ఈ పేరు కనిపించింది 1934లో. అంటే మన తాతల కాలం నాటిదే తప్ప మరీ పురాతనమైనదేం కాదు. అయినా అక్కడివాళ్లు దీని విషయంలో మహా పట్టుదలగా ఉంటారు. స్పాంజిలో కోకో ఇంత శాతానికి తగ్గకూడదనీ, క్రీములో కిర్ష్‌వాసర్ రుచి తెలియాలనీ మార్గదర్శకాలే రాసుకున్నారు!

పొరలు మనకు మాత్రం కొత్తా? తాపేశ్వరం మడతకాజా పొరలే, ఆత్రేయపురం పూతరేకులు పొరలే. అయితే మన మిఠాయిల్లో పొరపొరకూ అదే తీపి. జర్మనీ కేకులో ఒక్కో పొరది ఒక్కో గుణం. కోకో స్పాంజి కాస్త చేదు. పండు పులుపు. క్రీము చప్పగా, కమ్మగా ఉంటుంది. మూడూ ఒకే ముక్కలో నోట్లోకి వెళ్తే అప్పుడది బ్లాక్ ఫారెస్ట్. ఇందులో పులుపు తీసేస్తే మిగిలేది చాక్లెట్ కేకు మీద తీపి క్రీము, అంతే.

చెర్రీ కాని చెర్రీ

మరి బేకరీ కేకు మీద చెర్రీలు ఉంటాయిగా అంటారా? మనదేశంలో బేకరీల్లో, కిరాణా కొట్లలో చెర్రీల పేరుతో దొరికేవాటిలో చాలావరకు చెర్రీలే కావు. అవి వాక్కాయలు! గింజ తీసి, పంచదార పాకంలో నానబెట్టి, ఎర్రరంగు పట్టించినవి. పాకంలో ఊరీ ఊరీ వాటి పులుపంతా పోతుంది. మిగిలేది రంగు, తీపి.

వాక్కాయ మనకెవరో చెప్పక్కర్లేదు. పప్పులో వేస్తాం, పచ్చడి చేస్తాం. దానికి చిన్న చెల్లెల్లాంటిది కలివికాయ. కొన్నిచోట్ల కలేకాయ అంటారు. ఎండకు తట్టుకునే ముళ్లపొద అది. వెలిగొండల పాదాల దగ్గర, చిట్టడవుల్లో, పొలాల గట్ల మీద తనంతట తానే పెరుగుతుంది. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ కనిపించి పక్షిశాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచిన కలివికోడికి ఆ పేరు వచ్చింది ఈ పొదల వల్లేనంటారు. పండిన కాయ ముదురు ఊదారంగులో ఉంటుంది. కొరికితే ముందు తీపి, వెంటనే పులుపు, చివర్న చిన్న వగరు.

జర్మనీవాళ్లు కేకులో వేసేది తియ్యటి చెర్రీని కాదు, మొరెల్లో అనే పుల్లటి రకాన్ని. ఎర్రటి రసం, గట్టి పులుపు, దాని ప్రత్యేకత. అంటే మన కొండ వాలున కాసే కాయ ఆ పండుకు గుణంలో దగ్గరి చుట్టం. పట్నం వెళ్లి, పులుపు పోగొట్టుకుని, రంగు పూసుకుని చెర్రీ అనే దొంగపేరుతో వచ్చిన వాక్కాయను డబ్బు పెట్టి కొంటున్నాం. సొంత పేరుతో, సొంత పులుపుతో బుట్టలో వచ్చినదాన్ని మాత్రం కేకు దరిదాపులకు రానివ్వడం లేదు. ఈసారి రానిచ్చి చూడండి!

దుర్గం గరిటె

వంట మొదలుపెట్టేముందు చేతిలోకి ఒక చెక్క గరిటె తీసుకోండి. ఉదయగిరి వాళ్లకు ఇది చెప్పేదేముంది! దుర్గం కొండ అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది లాంటి చెక్కలతో ఇక్కడి కుటుంబాలు తరతరాలుగా స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతున్నాయి. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. లేపాక్షి దుకాణాల్లో కొని షోకేసులో పెట్టుకునేవాళ్లే ఎక్కువ. కానీ అవి పనిముట్లు. పుల్లటి పండ్లను ఉడికించేటప్పుడు అల్యూమినియం గిన్నె, గరిటె వాడితే పులుపు లోహాన్ని తినేసి రుచి పాడవుతుంది. స్టీలు గిన్నె, చెక్క గరిటె అయితే ఆ బాధ లేదు. పైగా పిడి కాలదు. వెడల్పాటి చెక్క చట్టువం ఉంటే పిండి కలపడానికీ అదే పనికొస్తుంది. వాడాక నీళ్లలో నానబెట్టకుండా కడిగి, నీడన ఆరబెడితే ఏళ్లు వస్తుంది.

రాత్రి పని: స్పాంజి

పశ్చిమ నెల్లూరు ఎండల సంగతి తెలిసిందే. వేసవిలో 42, 43 డిగ్రీలు మామూలే. కాబట్టి పొయ్యి పని రాత్రికి పెట్టుకోండి. స్పాంజి రాత్రంతా ఆరితే మర్నాడు పొరలుగా కొయ్యడానికి తేలిగ్గా ఉంటుంది కూడా.

ఏడంగుళాల వెడల్పు, మూడంగుళాల లోతున్న గిన్నెకు కావలసినవి: గుడ్లు 4, పంచదార పొడి 120 గ్రాములు, మైదా 90 గ్రాములు, తియ్యదనం లేని కోకో పొడి 30 గ్రాములు, కరిగించిన వెన్న లేదా నెయ్యి 30 గ్రాములు, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ లేదేమిటని చూస్తున్నారా? అక్కర్లేదు. ఈ స్పాంజి పొంగేది గుడ్డులో మనం పట్టించిన గాలితోనే.

మైదా, కోకో, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. గుడ్లు, పంచదార ఒక గిన్నెలో వేసి, దాన్ని వేడినీళ్ల గిన్నెపై ఉంచి గోరువెచ్చన అయ్యేదాకా కలపండి. అంతకుమించి వేడెక్కితే గుడ్డు ఉడికిపోతుంది. దించి గిలక్కొట్టాలి. కరెంటు బీటరుతో ఎనిమిది, పది నిమిషాలు. తీగల కవ్వంతో అయితే ఇరవై నిమిషాలు, ఇద్దరు వంతులు వేసుకోవాలి! మిశ్రమం మూడింతలై, పాలిపోయిన రంగుకు వస్తుంది. కవ్వం పైకెత్తితే జారిన ధార పైనే రిబ్బనులా నాలుగు సెకన్లు నిలబడాలి. అప్పటిదాకా ఆపొద్దు. కేకు చప్పబడిందని బాధపడే చాలామంది తొందరపడేది ఇక్కడే.

ఇప్పుడు పిండిని మూడు విడతలుగా చల్లుతూ, గరిటెను అడుగునుంచి పైకి తెస్తూ మెల్లగా కలపండి. గుండ్రంగా తిప్పితే గాలి పోతుంది. చివర్లో కరిగించిన వెన్నలో రెండు గరిటెల మిశ్రమం కలిపి, దాన్ని మిగతా దానిలో పొయ్యండి. వెన్న నేరుగా పోస్తే అడుగుకు దిగిపోతుంది.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీల దగ్గర అరగంట నుంచి 35 నిమిషాలు. లేకపోతే మందపాటి పాత దబరో, పాత కుక్కరో తీసుకోండి. కుక్కరైతే రబ్బరు, విజిల్ తీసెయ్యాలి. అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, దానిమీద స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్యస్థమైన మంటపై పది నిమిషాలు వేడిచెయ్యండి. అడుగున కాగితం పరిచిన కేకు గిన్నెను అందులో ఉంచి, మంట తగ్గించి 40 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. మొదటి అరగంట మూత తియ్యొద్దు. చీపురుపుల్ల గుచ్చితే తడి అంటకూడదు. రోజూ పప్పు వండే కుక్కరును మాత్రం దీనికి వాడకండి. నీళ్లు లేకుండా కాలితే అడుగు దెబ్బతింటుంది.

పులుపు పాకం

వాక్కాయలు 400 గ్రాములు. బాగా ఎర్రబడినవో, ఊదారంగుకు తిరిగినవో ఎంచుకోండి. నిలువుగా కోసి గింజలు తీసి, కారే పాలు పోయేలా ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచి రెండుసార్లు కడగండి. చిన్న కలివికాయలైతే బాగా పండినవే వాడాలి. స్టీలు గిన్నెలో కాయలు, 200 గ్రాముల పంచదార, గ్లాసుడు నీళ్లు పోసి సన్నమంటపై ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించండి. కాయ మెత్తబడాలి గానీ చితకకూడదు.

ఇందులోంచి అరగ్లాసు ఎర్రటి రసం వంచి పక్కన పెట్టండి. జర్మనీవాళ్లు కిర్ష్‌వాసర్ చిలకరించే చోట మనం చిలకరించేది ఇదే. ఆ సారా క్రీములో పచ్చిగానే పడుతుంది కాబట్టి మత్తు ఎక్కడికీ పోదు. పిల్లలు తినే కేకుకు ఈ రసమే మేలు. గిన్నెలో మిగిలిన దానికి ఒకటిన్నర చెంచా కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో కలిపి పోసి, చిక్కబడి మెరిసేదాకా రెండు నిమిషాలు ఉడికించి దించండి. పూర్తిగా చల్లారాకే వాడాలి.

వాక్కాయలు వానాకాలపు పంట. పుట్టినరోజు మాఘంలో వస్తే ఏంచెయ్యాలి? దొరికినప్పుడే గింజలు తీసి, పంచదార పట్టించి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించుకుంటే సరి.

క్రీము దగ్గరే పరీక్ష

ఇంతవరకు చేసింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గిలక్కొట్టిన క్రీము నిలబడాలంటే అందులో కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి. అదీ చల్లగా ఉండాలి. చల్లటి కొవ్వు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గాలిబుడగల చుట్టూ గోడ కడతాయి. వేడి తగిలితే గోడ కూలుతుంది. గేదెపాలు ఎంత చిక్కనివైనా కొవ్వు ఏడెనిమిది శాతమే. కాచిన పాలమీద మీగడ గిలక్కొడితే నున్నగా రాదు, వెన్నగా మారుతుంది. మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీములో 25 శాతం వరకే ఉంటుంది. అదీ గట్టిగా నిలబడదు.

కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. పాలతో చేసిన విప్పింగ్ క్రీము అయితే కమ్మగా ఉంటుంది, తీపి మనం వేసుకోవచ్చు. వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది నూనెలతో చేసినది. బేకరీల్లో ఎక్కువగా వాడేది అదే. ఎండకు కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, కానీ ముందే తీపి కలిపి ఉంటుంది కాబట్టి పంచదార వెయ్యొద్దు. ఏది వాడుతున్నారో తెలిసి వాడటం ముఖ్యం.

400 మిల్లీలీటర్ల క్రీము తీసుకోండి. గిన్నెను, బీటరు పుల్లలను అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. తెల్లవారుజామున, ఫ్యాను గాలికి దూరంగా, ఐసుముక్కల పళ్లెంలో గిన్నె ఉంచి గిలక్కొట్టండి. పాల క్రీముకైతే 40 గ్రాముల పంచదార పొడి కలపండి. బీటరు ఎత్తితే కొస నిలబడి చివర్న కొద్దిగా వంగితే చాలు. ఇంకో నిమిషం కొడితే వెన్నే! కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఐసు ముందే సిద్ధంగా ఉంచుకోవడం తెలివైన పని.

పొర మీద పొర

రాత్రి ఆరిన స్పాంజిని మూడు పొరలుగా కొయ్యాలి. చుట్టూ చాకుతో గాటుపెట్టి, ఆ గాట్లో గట్టి దారం చుట్టి రెండు కొసలూ ఎదురెదురుగా లాగితే సమానంగా తెగుతుంది. అడుగు పొర మీద ఎర్రటి రసం చెంచాతో చిలకరించండి. తడవాలి, నానకూడదు. చుట్టూ అంచున క్రీముతో కట్ట వేసి, మధ్యలో పండ్ల పాకంలో సగం పరిచి, పైన పల్చగా క్రీము పుయ్యండి. ఆ కట్ట లేకపోతే పాకం పక్కలకు కారుతుంది. రెండో పొరకూ ఇంతే. మూడోది పెట్టి, రసం చిలకరించి, పైనా చుట్టూ క్రీము పట్టించండి. 50 గ్రాముల డార్క్ చాక్లెట్‌ను తురిమి చల్లండి. పైన పదో పన్నెండో పండిన వాక్కాయ ముక్కలు.

ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు ఉంచాలి. రసం స్పాంజిలోకి దిగి, పొరలు ఒకదాన్నొకటి పట్టుకునేది అప్పుడే. పాటలు, కొవ్వొత్తులు, ఫొటోలు అన్నీ అయ్యాక కాదు, ఆ కాస్త ముందే బయటికి తియ్యండి. మన ఎండల్లో క్రీము కేకు గంటకు మించి బయట ఉంటే కరగడమే కాదు, పాడయ్యే ప్రమాదమూ ఉంది. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

గుడ్డు తినని ఇంట్లో...

150 గ్రాముల మైదా, 30 గ్రాముల కోకో, చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా కలిపి జల్లించండి. 200 గ్రాముల పుల్లబడని పెరుగులో 150 గ్రాముల పంచదార పొడి, 80 మిల్లీలీటర్ల నూనె కలిపి, పిండి చేర్చి ఉండలు లేకుండా కలపండి. గట్టిగా ఉంటే కాసిని పాలు పొయ్యొచ్చు. వెంటనే పొయ్యెక్కించాలి. ఇది గుడ్డు స్పాంజి అంత తేలిగ్గా ఉండదు, పొడిపొడిగా విరుగుతుంది. కాబట్టి రెండు పొరలతో సరిపెట్టుకోండి. పులుపు, క్రీము మాత్రం అవే.

మరి పేరు?

కిర్ష్‌వాసర్ లేదు, మొరెల్లో చెర్రీ లేదు. జర్మనీవాళ్ల లెక్కలో దీన్ని బ్లాక్ ఫారెస్ట్ అనడానికి లేదు. నిజానికి బేకరీల్లో కొనేదాన్నీ అనడానికి లేదు! కానీ వాళ్ల ఊరి కేకులో ఉన్న కిటుకు ఇందులో ఉంది. వాళ్లు తమ అడవి అంచున కాసిన పుల్లటి పండును, తమ పాల క్రీమును, చేదు కోకోను కలిపారు. మనమూ మన కొండ అంచున కాసినదాన్నే కలిపాం. ఒక్క ముక్క తింటే తేడా నాలుక్కే తెలుస్తుంది. మొదట క్రీము కరుగుతుంది, వెనకే కోకో, ఆపైన వాక్కాయ ఒక్కసారి పళ్లు జివ్వుమనిపిస్తుంది. రెండో ముక్కకు చెయ్యి వెళ్లేది ఆ జివ్వుమనడం వల్లే. ఒట్టి తీపైతే మొదటి ముక్కకే మొహం మొత్తుతుంది.

ఈ వానాకాలం వాక్కాయలు, కలివికాయలు అమ్మకానికి వస్తే పప్పులోకి ఒక పావుకిలో, కేకులోకి ఒక అరకిలో కొనండి. పిల్లలు పేరేమిటని అడిగితే... దుర్గం కేకు అని చెప్పండి. జర్మనీవాళ్లకు వాళ్ల నల్లడవి ఉంటే, మనకు మన కొండ లేదా ఏమిటి?